నిమ్మపండు ఆగిన పచ్చిక

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో నిమ్మపండు ఎవరి దగ్గర ఆగితే వాళ్లకే న్యాయం దొరికేది.

నవ్వకండి. ఆ ఆచారం వెనక ఒక కథ ఉంది.

సంపెంగకోటను ఏలే కుముదసేన మహారాజుకు ముత్తాత ఒకాయన ఉండేవాడు. ఒక ఉగాది నాడు ఆయన కోట ముందరి పచ్చిక మీద కొలువు తీరాడు. ప్రజలు వరసగా వచ్చి నిమ్మపండ్లు చేతికిచ్చి దండాలు పెడుతున్నారు. అందులో ఒక పండు ఆయన చేతిలోంచి జారింది. దొర్లుకుంటూ దొర్లుకుంటూ పోయి, అందరికంటే వెనక కూర్చున్న ఒక ముసలి రైతు కాళ్ల దగ్గర ఆగింది. ఆ ముసలివాడికి ఏదో మొర ఉంది. రాజు దాన్ని అందరికంటే ముందు విన్నాడు. ఆ పూటే తీర్చాడు.

అదే ఆచారమైపోయింది. ప్రతి ఉగాదికీ పచ్చికకు రెండు పక్కలా జనం వరసలు కట్టి కూర్చుంటారు. ముందు మండలేశ్వరులు, తర్వాత వర్తకులు, చిట్టచివర పల్లెజనం. రాజు సింహాసనం మీద నుంచి వంగి, మధ్యలో ఖాళీగా వదిలిన పచ్చిక మీద పండు దొర్లిస్తాడు. అది ఎవరి దగ్గర ఆగితే వారి మొర రాజే విని తీర్చాలి. మిగిలిన మొరలు మంత్రి చూసుకుంటాడు. మంత్రి చూసుకోవడం అంటే ఏమిటో ఆ రాజ్యంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఈ కథను కోటలో ఇంతవరకే చెప్పుకుంటారు. ఊళ్లలో ఇంకో ముక్క ఎక్కువ చెప్పుకుంటారు. ఆ ముక్క తర్వాత వస్తుంది.

జనం పెరిగి వరసలు పొడుగయ్యాయి. పండు అంత దూరం పోవాలంటే నేల నున్నగా ఉండాలి. అందుకని తోటవాళ్లు ఆ గరిక పచ్చికను ఏటికేడు ఇంకొంచెం పొట్టిగా కోస్తూ వచ్చారు. మొదట రెండు వేళ్ల ఎత్తు. తర్వాత ఒక వేలు. తర్వాత గోరంత. కుముదసేనుడి కాలానికి దోకుడుపారతో నేలకు సమంగా గీకడమే మిగిలింది. గీకిన రోజు చూస్తే ఆకుపచ్చ పట్టుగుడ్డ పరిచినట్టు ఉండేది. పదిరోజులు పోతే గడ్డి మాడి, అక్కడక్కడ నేల బయటపడి, పేనుకొరుకుడు పట్టిన తలలా కనిపించేది.

నేల బయటపడితే ఊరుకునేవాళ్లు ఎవరుంటారు? మొదట తుంగ వచ్చింది. తర్వాత గలిజేరు పాకింది. చివరికి పల్లేరు వచ్చి, పసుపుపచ్చగా పూసి, ముళ్లకాయలు కాసింది.

ఒక ఉగాదికి కుముదసేనుడు ఆచారం ప్రకారం చెప్పులు విడిచి పచ్చిక మీద అడుగుపెట్టాడు. మూడో అడుగుకు పల్లేరుముల్లు మడమలో దిగింది. మహారాజు ఒంటికాలి మీద గెంతుతూ వెళ్లి సింహాసనం ఎక్కాడు. సభలో ఎవరూ నవ్వలేదు. ఇళ్లకు వెళ్లి నవ్వుకున్నారు. ఆ రోజు నుంచి ఆయన పచ్చిక మీద కాలు మోపలేదు. సింహాసనాన్ని పచ్చిక అంచున ఉన్న రాతి అరుగు మీదికి మార్పించుకున్నాడు.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. ఆయన దొర్లించిన నిమ్మపండు తుంగదుబ్బుకు తగులుకుని మొదటి వరస దగ్గరే ఆగిపోయింది. అక్కడ కూర్చున్నది భైరవరాజు అనే మండలేశ్వరుడు. ఆయన పండు అందుకుని, తన పల్లకీకి వెండిగంటలు కట్టుకునే అనుమతి కావాలన్నాడు. రాజు ఇచ్చాడు.

చిట్టచివరి వరసలో పోలమ్మ కూర్చుని ఉంది. ఆమెది ఏటిపల్లె. నలభై గడపల ఊరు. పొలాల్లో కలుపు తీసే ఆడవాళ్ల ముఠాకు ఆమె పెద్ద. వాళ్ల ఊరికీ ఏటికీ మధ్య ఉన్న దారిని భైరవరాజు తన మామిడితోటలో కలుపుకుని కంచె వేశాడు. ఊరివాళ్లు నీళ్లకు కొండ చుట్టి రెండు కోసుల దూరం పోవలసి వచ్చింది. కిందటి వేసవిలో పదకొండు దూడలు దాహంతో చచ్చాయి. ఊరంతా కలిసి పోలమ్మను సభకు పంపింది. ఆమె మొర ఒక్కటే. మా దారి మాకు ఇప్పించండి.

పండు ఆమె దాకా రాలేదు. ఆమె లేచి, చీర దులుపుకుని, నడిచి ఇంటికి పోయింది.

రాజు పచ్చికలో ముళ్లు లేకుండా చేయమని తోటమాలి సింగన్నను ఆజ్ఞాపించాడు. సింగన్న తాతల నాటి నుంచి కోట కొలువులో ఉన్నవాడు. ఆయనకు పొడుగు కర్ర వేసిన దోకుడుపార ఉంది. నిలబడి గీకుతాడు. నడుం వంచే అలవాటు ఆ వంశంలోనే లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కలుపుమొక్కలు మాట్లాడతాయి. కాని వాటి గొంతు చిన్నది. నేలమీద కూర్చున్నవాళ్లకే వినిపిస్తుంది.

సింగన్న నెలకు రెండుసార్లు పచ్చికను గీకాడు. కలుపుతో పాటు గరిక తల కూడా తెగింది. గరిక కోలుకోవడానికి నెల పడుతుంది. తుంగకు నాలుగు రోజులు చాలు, దాని ప్రాణం నేల కింద గడ్డలో ఉంటుంది. పల్లేరు పారకు అందకుండా నేలకు కరుచుకుని పాకింది. వాటి నవ్వు సింగన్నకు వినపడలేదు.

మరుసటి ఉగాదికి రెండు రోజుల ముందు సింగన్న ఆఖరిసారి గీకాడు. మేడమీది నుంచి చూస్తే పచ్చగా, నున్నగా ఉంది. రాజు సంతోషించాడు. పండు దొర్లించాడు. అది బాగానే బయలుదేరింది. కాని దారిలో పల్లేరుకాయలు ఒకటొకటిగా దాని తోలుకు గుచ్చుకున్నాయి. కాసేపటికి నిమ్మపండు ముళ్లపందిలా అయి, రెండో వరస దగ్గర కూలబడింది. అక్కడ ఉన్నది భైరవరాజు బావమరిది. తన వాకిట్లో నగారా పెట్టుకోవాలన్నాడు. రాజు సరేనన్నాడు.

పోలమ్మ లేచి, చీర దులుపుకుని, ఇంటికి పోయింది. ఆ ఏడు ఊళ్లో మూడు కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని వలసపోయాయి.

ఈసారి ఉప్పు కొఠారుల అధికారి గోవిందభూషణుడు ముందుకు వచ్చాడు. ఆయన చదువుకున్నవాడు. గొడుగు కింద నుంచి పని చేయించే మనిషి. సింగన్నది మొరటు పద్ధతి అన్నాడు. కలుపును కోయకూడదు, సమూలంగా చంపాలి అన్నాడు. నూరు బస్తాల ఉప్పు తెప్పించి పచ్చిక అంతా చల్లించాడు.

కలుపు చచ్చింది. ఆ మాట ఒప్పుకోవాలి. గరిక కూడా చచ్చింది. నేల తెల్లబారి, కుండపెంకులా బీటలు వేసింది. కలుపు లేదు చూడండి ప్రభూ అని గోవిందభూషణుడు చెయ్యి చాచి చూపించాడు. ఏమీ లేని చోట కలుపు ఉండదన్నది నిజమే కాబట్టి రాజు తల ఊపాడు.

వానలు వచ్చాయి. ఉప్పు కరిగి గజశాల బావిలోకి దిగింది. పట్టపుటేనుగు తొండం ముంచి, చటుక్కున వెనక్కి తీసి, ఆ నీళ్లు మావటివాడి మొహం మీద ఊదింది. వానలు వెనకపట్టే నాటికి మొలకలు వచ్చాయి. గరికవి కావు. నేలలో పడి ఉన్న పల్లేరు గింజలవీ, లోతున నిద్రపోతున్న తుంగగడ్డలవీ. పోటీకి ఒక్క గరికపోచ లేదు. అవి కోట ముందర అడివిలా లేచాయి.

మూడో ఉగాదికి పండు సింహాసనం నుంచి రెండు బారలు పోయి ఆగింది. అక్కడికి అందరికంటే దగ్గరగా ఉన్నది మళ్లీ భైరవరాజే. ఈసారి తన గొడుగుకు ముత్యాల కుచ్చులు కావాలన్నాడు.

రాజుకు విసుగు పుట్టింది. ఈ ముళ్లు తీసేవాళ్లు నా రాజ్యంలో లేరా అని అడిగాడు. సింగన్న తల దించుకున్నాడు. గోవిందభూషణుడు గొడుగు చాటుకు జరిగాడు. చిట్టచివరి వరసలో పోలమ్మ లేచి నిలబడింది.

మంత్రి ఆమె ఎవరని, ఏం చేస్తుందని అడిగాడు. కలుపు తీస్తానని చెప్పింది. అప్పుడు భైరవరాజు నవ్వాడు.

"రాగిచేలో కలుపు తీసే కూలిదానివి. ఇది మహారాజుగారి పచ్చిక. తెలుసా?"

"నాకు తెలుసు దొరా. కలుపుకే తెలియదు."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజు కూడా మీసం చాటున నవ్వాడు. పోలమ్మ ఆ అదనులో తన ఊరి దారి సంగతి ఎత్తబోయింది. మంత్రి అడ్డం వచ్చి, ఈ ఏటి పండు ఆగిపోయింది, ఈ ఏటికి మొరలు అయిపోయాయి అన్నాడు. ఆచారం ఆచారమే.

రాజు షరతు పెట్టాడు. "వచ్చే ఉగాదికి ఈ పచ్చికలో ఒక్క ముల్లు నా కాలికి గుచ్చుకోకూడదు. గుచ్చుకుంటే నీవే కాదు, మీ ఊరివాళ్లెవరూ మళ్లీ ఈ సభకు రాకూడదు."

పోలమ్మ ఒప్పుకుంది. కలుపు పోతే పండు తన దాకా వస్తుందని ఆమె ఆశ. వేరే దారి ఉంటే ఒప్పుకునేది కాదు. ఒప్పుకుని మూడు కోరికలు కోరింది. తాను చెప్పేదాకా పచ్చికను ఎవరూ గీకకూడదు. రోజూ చెంబులతో నీళ్లు చిలకరించే దాసీలను మానిపించాలి. పల్లకీలు అడ్డదారిన పచ్చిక మీదుగా పోకూడదు.

మూడో కోరికకు భైరవరాజు మొహం ఎర్రబడింది. ఆయన బోయీలు వెండిగంటలు మోగించుకుంటూ రోజూ ఆ పచ్చికకు అడ్డంపడి పోయేవారు. అక్కడ నేల బండలా అణగిపోయి, దాని పొడుగునా పల్లేరు తప్ప మరేదీ మొలవడం లేదు. నా దారి మూయించడానికి నువ్వెవరు అని ఆయన గద్దించాడు. దారి మూస్తే ఎలా ఉంటుందో దొరకు తెలియాలి కదా అని పోలమ్మ అనలేదు. అనాలనిపించింది. ముల్లు పోవాలంటే తప్పదు దొరా అని మాత్రం అంది. రాజు మూడూ ఒప్పుకున్నాడు.

పోలమ్మ తన ముఠాలోని తొమ్మిదిమంది ఆడవాళ్లను తెచ్చుకుంది. చీరలు ఎగ్గట్టి, తలగుడ్డలు చుట్టి, పచ్చిక ఒక కొస నుంచి వరసగా గొంతుక్కూర్చున్నారు. చేతుల్లో కురచ తొలికలు, కలుపు తవ్వే చిన్న పారలు. కబుర్లు చెప్పుకుంటూ, పాటలు పాడుకుంటూ, కూర్చున్నచోటు నుంచి కూర్చున్నట్టే జరుగుతూ పోయారు. మేడమీది నుంచి చూసేవారికి తాబేళ్లు కదులుతున్నట్టు అనిపించింది.

పల్లేరును కాయ ముదిరేదాకా ఆగలేదు. పసుపు పువ్వు కనపడగానే వేరుతో సహా లేపారు. లేపిన మొక్కను గట్టున పారేయలేదు. బుట్టలో వేసి, దూరంగా ఎండబెట్టి, కాల్చారు. గలిజేరును కాల్చలేదు. దాన్ని సాయంత్రం ఇళ్లకు తీసుకుపోయి పప్పులో వేసుకున్నారు.

తుంగ దగ్గరికి వచ్చేసరికి పోలమ్మ ఆగింది. పైన చూస్తే ఒక్కటే మొక్క. తొలికతో తవ్వితే కింద గడ్డ. గడ్డ నుంచి దారంలాంటి వేరు, దాని కొసన ఇంకో గడ్డ. అలా పోతూనే ఉంది. అప్పుడే తుంగ మాట్లాడింది.

"ఎంతకని తవ్వుతావు పోలమ్మక్కా? నీ చీర కొంగులో తూమెడు గడ్డలు తీసినా, నేలలో పుట్టెడు మిగులుతాం."

"మిగలండి. మళ్లీ వస్తాను."

"నీకు మా మీద ఏమిటంత కోపం?"

"కోపమేమీ లేదు. పిలవని పేరంటానికి వచ్చారు, పొమ్మంటున్నాను."

తుంగ నవ్వింది. "పిలవలేదని ఎవరన్నారు? మేము ఎవరి చోటూ లాక్కోలేదు. గీకి ఖాళీ చేశారు, వచ్చాం. ఉప్పు చల్లి ఖాళీ చేశారు, మళ్లీ వచ్చాం. ఖాళీ ఉంచడమంటే పిలవడమే అక్కా."

పోలమ్మ తొలిక కింద పెట్టింది. ఇరవై ఏళ్లుగా కలుపు తీస్తోంది కాని ఈ సంగతి ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. పొలంలో అయితే పైరే ఖాళీ నింపుతుంది. ఇక్కడ నింపేవాళ్లు లేరు.

మర్నాటి నుంచి పని మారింది. కలుపు తీసిన ప్రతి గుంటలోనూ ఆ పూటే గరికతీగ ముక్క నాటారు. ఏటిపల్లె గట్ల మీద నుంచి, గొర్రెలు మేసినా చావని మొండి గరికను గంపలతో తెచ్చారు. ఇంకా ఉప్పు మిగిలిన చోట్ల నేలను తవ్వి, గట్టు తెంచి, తొలకరి వాననీటిని మూడుసార్లు పారించి కడిగారు. అశ్వశాలవాళ్లు పచ్చిపేడ బళ్లకెత్తి పంపితే పోలమ్మ వెనక్కి తిప్పింది. గుర్రం తిన్న గింజ గుర్రం కడుపులో చావదు, ఆరు నెలలు కుప్పలో మగ్గితే అప్పుడు పంపండి అని కబురు చేసింది. అశ్వశాల అధికారికి ఒళ్లు మండింది. కాని ఆరు నెలల తర్వాత పంపాడు.

నీళ్లు రోజూ చిలకరిస్తే పైపైన తడిసి కలుపుగింజలకే పండగ. వారానికి ఒక్కసారి, జానెడు లోతు దిగేటట్టు పెట్టించింది. గరిక వేళ్లు ఆ తడిని వెతుక్కుంటూ కిందికి పోయాయి. గరిక మూడు వేళ్ల ఎత్తు ఎదిగితే పైన ఒక వేలు మాత్రం కోయించింది. రెండు వేళ్లు ఎప్పుడూ ఉండాలి అంది.

ఆ కోతకు సింగన్నను పిలిచింది. ఆయన మొదట ముడుచుకున్నాడు. ఆడదాని చేతికింద పనా అనుకున్నాడు. కాని పొడుగు కర్ర కట్టిన కొడవలితో నిలబడి సమంగా కోయడంలో ఆయనను మించినవాడు లేడు, ఆ మాట పోలమ్మ పదిమందిలో అంది. మర్నాడు వచ్చాడు. పదిహేను రోజులకు, అలవాటు లేని నడుం పట్టుకుంటూ, తనూ నేలమీద కూర్చున్నాడు.

తుంగ మళ్లీ లేచింది. మళ్లీ తీశారు. పక్షానికి ఒకసారి, ఆకు మూడు వేళ్లు సాగకముందే. ఆకు లేక గడ్డకు తిండి పోయింది. కార్తీకం వచ్చేసరికి లేచే మొక్కలు సన్నబడ్డాయి. సంక్రాంతి దాటేసరికి పచ్చిక ఎంత చిక్కగా అల్లుకుందంటే, వేలు గుచ్చితే మట్టి తగలడం లేదు. రెండోసారి తుంగ మాట్లాడినప్పుడు దాని గొంతు నీరసంగా ఉంది. ఇక్కడ ఊపిరాడటం లేదక్కా అంది. ఏటికి పో అంది పోలమ్మ. ఏరు దూరం కదా అంది తుంగ. మాకూ దూరమే అంది పోలమ్మ.

ఉగాది నాలుగు రోజుల్లోకి వచ్చింది. సింగన్న ఒక నిమ్మపండు తెచ్చి, సింహాసనం అరుగు దగ్గర నుంచి దొర్లించి చూశాడు. పండు చిక్కటి గరికలో మెత్తగా పోయి, పది బారల్లో ఆగిపోయింది. సరిగ్గా మొదటి వరస ఎదురుగా.

పోలమ్మ, సింగన్న ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కలుపులో ఆగినా, పచ్చికలో ఆగినా, పండు ఆగేది భైరవరాజు దగ్గరే.

మూడోసారి మాట్లాడింది తుంగ. పచ్చిక అంచున, రాయి సందులో ఒకే ఒక్క మొక్క మిగిలి ఉంది.

"ఇప్పుడేం చేస్తావక్కా? గీకితే పండు నీ దాకా వస్తుంది. గీకితే మేమూ వస్తాం."

సింగన్నకు ఆ గొంతు వినిపించింది. ఇప్పుడు ఆయనా కూర్చుని పనిచేసేవాడే కదా. ఆయన పోలమ్మ వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. ఉగాది ముందురోజు తాను దోకుడుపార తీస్తానన్నాడు. ఒక్క పూట చాలు, పట్టుగుడ్డలా గీకి పెడతాను, పండు చివరి వరస దాకా పోతుంది, మీ ఊరి దారి మీకు వస్తుంది అన్నాడు. తర్వాత పచ్చిక ఏమైతే నీకేమిటి, అది రాజుగారిది అన్నాడు.

తప్పుడు సలహా కాదు. నలభై గడపల్లో ఇప్పటికి ముప్పైరెండే మిగిలాయి. ముఠాలో ఆడవాళ్లు కూడా సింగన్న చెప్పినట్టే చేద్దామన్నారు. పోలమ్మ గరికలోకి చెయ్యి దూర్చి, అడుగునుంచి చిటికెడు మట్టి తీసి, అరచేతిలో పరిచి చూపింది. అందులో నిరుటి పల్లేరుకాయ ఒకటి ఉంది. ఎండి, నల్లబడి, ముళ్లు మాత్రం చెక్కుచెదరలేదు.

"పాతముళ్లు ఇంకా నేలలోనే ఉన్నాయి. ఈ పచ్చిక వాటి మీద దుప్పటి. నువ్వు దుప్పటి లాగితే, రాజుగారి కాలిలో మొదటి అడుగులోనే ముల్లు దిగుతుంది."

"మరి పండు రాకపోతే?"

"పండు రాకపోతే రాజునే రమ్మంటాను."

సింగన్న ఆమెకు ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నాడు.

ఉగాది వచ్చింది. జనం వరసలు కట్టారు. నాలుగేళ్లుగా చూడని పచ్చిక అది. దాని చల్లదనం అరుగు మీదికి కూడా తెలుస్తోంది. రాజు వంగి నిమ్మపండు దొర్లించాడు. అది మెత్తగా, చప్పుడు లేకుండా పోయి, పది బారల్లో ఆగింది.

భైరవరాజు పండు అందుకుని లేచాడు. ముందు తన కోరిక చెప్పలేదు. మహాప్రభూ, మీ ముత్తాతల నాటి పండు దొర్లని నేలను పచ్చిక అంటారా, ఈ మనిషి ఆచారాన్నే చెడగొట్టింది, షరతు ప్రకారం ఏటిపల్లెవాళ్లను సభ నుంచి పంపేయండి అన్నాడు. మంత్రి తల ఊపాడు. రాజు కళ్లు ఎర్రబడ్డాయి. పోలమ్మను సమాధానం చెప్పమన్నాడు.

పోలమ్మ తన చోటు నుంచే చెప్పింది. అంత దూరం నుంచి కూడా అందరికీ వినపడింది, పొలంలో ఆ కొస నుంచి ఈ కొసకు పిలిచే గొంతు అది.

"ప్రభువుల షరతు ముల్లు గురించి. పండు గురించి కాదు. ముల్లు ఉందో లేదో పండు చెప్పలేదు. చెప్పులు విడిచి నడిస్తే తెలుస్తుంది."

షరతు పెట్టింది రాజే. మాట వెనక్కి తీసుకోలేడు. ఆయన చెప్పులు విడిచాడు. అరుగు దిగాడు. ఒక అడుగు వేశాడు. రెండో అడుగు వేశాడు. మూడో అడుగు దగ్గర ఆగాడు. పాత మడమకు పాత ముల్లు గుర్తుంటుంది.

మెల్లగా కాలు ఆనించాడు. ఏమీ గుచ్చుకోలేదు.

ఇంకో అడుగు వేశాడు. తర్వాత లెక్కపెట్టడం మానేశాడు. మండలేశ్వరుల వరసలు దాటాడు, వర్తకుల వరసలు దాటాడు. ఎన్నడూ దగ్గరగా చూడని మొహాలు అటూ ఇటూ కనిపించాయి. పచ్చిక అయిపోయేసరికి తల ఎత్తి చూస్తే చిట్టచివరి వరసలో నిలబడి ఉన్నాడు. ఎదురుగా పోలమ్మ.

ముల్లు లేదు అన్నాడు రాజు. ఆమె దండం పెట్టి, ఊళ్లలో చెప్పుకునే ఆ మిగిలిన ముక్క చెప్పింది.

"మీ ముత్తాతగారి చేతిలోంచి పండు జారిన రోజు, ఆయన దాని వెనకే నడిచి వచ్చారు ప్రభూ. మా ఊరి ముసలాయన ముందు గొంతుక్కూర్చుని మొర విన్నారు. కోటలో పండును గుర్తుపెట్టుకున్నారు. మేము నడకను గుర్తుపెట్టుకున్నాం. పండుకు కాళ్లు లేవు. మీకు ఉన్నాయి."

రాజు పట్టుపంచె సర్దుకుని, కొంచెం కష్టం మీద, గరికలో గొంతుక్కూర్చున్నాడు. చెప్పమన్నాడు. పోలమ్మ చెప్పింది. దారి, కంచె, పదకొండు దూడలు, వలసపోయిన ఎనిమిది గడపలు. ఎక్కువ మాటలు పట్టలేదు.

అవతల నుంచి భైరవరాజు, పండు తన చేతిలో ఉందని, ఆచారం ప్రకారం తన మొరే ముందు వినాలని గుర్తుచేశాడు.

"పండు నీ దగ్గరే ఉండనీ," అన్నాడు రాజు. "పులిహోరకు పనికొస్తుంది."

ఆ సాయంత్రానికి కంచె లేచిపోయింది. ఏటిపల్లె పశువులు పాతదారిన ఏట్లోకి దిగాయి. వలసపోయిన ఎనిమిది గడపల్లో అయిదు తిరిగి వచ్చాయి. మూడు రాలేదు.

అప్పటి నుంచి కుముదసేనుడు ప్రతి ఉగాదికీ చిట్టచివరి వరస నుంచే మొరలు వినడం మొదలుపెట్టాడు. రాజు నడవని ఖాళీలోనే భైరవరాజు లాంటివాళ్లు మొలిచారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది.

పచ్చిక బాధ్యత సింగన్నకే అప్పగించి పోలమ్మ ఊరికి బయలుదేరింది. రాగిచేలలో కలుపు రోజులు దగ్గరపడుతున్నాయి. పోతూ పోతూ పచ్చిక అంచున రాయి సందు దగ్గర ఆగింది. తుంగ ఇంకా అక్కడే ఉంది. ఖాళీ ఎక్కడ కనిపించినా వస్తామక్కా అని చెప్పింది. తెలుసు అంది పోలమ్మ. దాన్ని గడ్డతో సహా లేపింది. కొంగున ముడేసి ఉంచిన గరికతీగ ముక్క తీసి ఆ సందులో నాటి, కాలితో మట్టి అదిమి, దారి పట్టింది.

చెడును పీకేస్తే సగం పనే అయినట్టు. ఆ చోట మంచిని నాటితేనే పని పూర్తయినట్టు.